ఏడో నంబరు కవరు

ఆ వేసవిలో మా కొట్టు నుంచి నలభై రెండు సంచులు బయటికి వెళ్లాయి. రెండు రోజుల్లో నలభై ఒకటి వెనక్కి వచ్చాయి. ఏ వ్యాపారంలోనైనా ఇది మంచి లెక్కే. నలభై రెండింట్లో ఒకటి పోతే దాన్ని మేం తరుగు అంటాం, మరిచిపోతాం. ఆ ఒక్క సంచిని మాత్రం నేను ఇప్పటికీ తరుగు కింద రాసుకోలేకపోయాను.

మాది ఇంటి సామాన్ల కొట్టు. సబ్బులు, సోడాలు, సున్నం, వెనిగరు, నీలిమందు, కొవ్వొత్తులు, మూసుకుపోయిన గొట్టాల్లో పోసే కాస్టిక్ సోడా దాకా అన్నీ ఉంటాయి. మా నాన్న నడిపిన కొట్టు, నాకొచ్చింది. మా ఆయన బడిలో రసాయనశాస్త్రం చెబుతారు. ఆ ఏడు వాళ్ల బడిలో ప్రయోగశాలకు తాళం వేసి, ఆ గదిని పాత పరీక్ష కాగితాలు దాచడానికి వాడుకున్నారు. ప్రయోగాలకు మార్కులు లేనప్పుడు గదెందుకు అన్నారట. ఆయన వారం రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగారు. ఎనిమిదో రోజు కొట్టు వెనక గదిలోకి వచ్చి, అరల వైపు చాలాసేపు చూసి, "ఇంత ప్రయోగశాల ఇంట్లోనే ఉంటే నేనేంటి ఇలా ఏడుస్తున్నాను?" అన్నారు.

సెలవులివ్వగానే పాఠాలు మొదలయ్యాయి. పొద్దున పది నుంచి పన్నెండు దాకా వెనక గదిలో పిల్లలే పిల్లలు. గుడ్డును వెనిగర్లో నానబెడితే పెంకు కరిగిపోయి, పొర ఒక్కటే మిగిలిన గుడ్డు చేతిలో బంతిలా ఊగేది. మేకుల్ని ఒకటి మంచినీళ్లలో, ఒకటి ఉప్పునీళ్లలో, ఒకటి నూనెలో వేసి ఏది ముందు తుప్పు పడుతుందో పందెం కాసేవాళ్లు. పసుపు కలిపిన నీళ్లలో కాగితాలు ముంచి ఆరబెట్టుకుని, కనిపించిన ప్రతిదాన్నీ వాటితో తాకించేవాళ్లు. సబ్బు తగిలితే కాగితం ఎర్రబడేది. నిమ్మరసం తగిలితే పసుపు పసుపుగానే ఉండేది. మా కొట్టు గల్లాపెట్టె మీద కూడా ఎర్రమరకలు పడ్డాయి.

మొదట విసుక్కున్నాను. తర్వాత చూస్తే పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చిన తల్లులు ఊరికే పోకుండా సబ్బో బ్రష్షో కొనుక్కుని పోతున్నారు. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. మా ఆయనకు పది రోజులు ఊరి పని పడి పాఠాలు ఆపాల్సి వచ్చింది కదా, ఆ పది రోజులూ పిల్లలు ఇంటి దగ్గరే చేసుకునేలా ఒక సంచి తయారుచేద్దామన్నాను. ఎనిమిది చిన్న కవర్లు, వాటి మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు, ఏ రోజు ఏది చేయాలో రాసిన కాగితం. ఆయన ముఖం వెలిగిపోయింది. ఊరి పని కూడా వారం వెనక్కి జరుపుకుని కాగితం తనే రాశారు. ఏడోది నిమ్మఉప్పు. దాన్ని సీసాలో తినే సోడాతో కలిపి, నీళ్లు పోసి, మూతికి బుడగ తొడిగితే దానంతటదే ఉబ్బుతుంది. పిల్లలందరూ ఎదురుచూసేది దానికోసమే.

ఇక్కడ నా పద్ధతి ఒకటి చెప్పాలి. మా కొట్టులో విడిగా అమ్మే సరుకు డబ్బాల మీద పేర్లుండవు. మా నాన్న రాయలేదు, నేనూ రాయలేదు. ఏ అర, ఎన్నో డబ్బా అన్నది చేతికి తెలియాలి. పేర్లు రాసుకునేవాడు కొట్టు తనది కానివాడు అనేవాడాయన. దాని వెనక ఇంకో లెక్క కూడా ఉంది. పేర్లు లేకపోతే నేను లేకుండా ఎవరూ ఏదీ అమ్మలేరు. మా ఆయన పెళ్లయిన కొత్తలోనే పేర్లు రాస్తానన్నారు. మీ పాఠం మీరు చూసుకోండి, నా కొట్టు నేను చూసుకుంటాను అన్నాను.

సంచులు కట్టే వారమే, పిల్లలకు చోటు చాలక, ఆయన ఆదివారం పూట కింది అరను ఈ గోడ నుంచి ఎదుటి గోడకు మార్చారు. ఆరు డబ్బాలూ వరుస తప్పకుండానే పెట్టారు, కాకపోతే ఆ చివరి నుంచి మొదలుపెట్టారు. నాతో చెప్పారు కూడా. సరే అన్నాను. నిమ్మఉప్పు కవర్లు అప్పటికి ముప్ఫై అయ్యాయి. ఇంకో పన్నెండు కావాలి, అంటే ఒక ట్రే. సోమవారం పొద్దున ఒక కన్ను బయట కొనేవాళ్ల మీద పెట్టి, ఎప్పటిలాగే ఎడమ నుంచి మూడో డబ్బాలో గరిటె ముంచి, పన్నెండు కవర్లు నింపి, కొవ్వొత్తి మంట మీద మూతులు అంటించాను. ఆ మధ్యాహ్నమే సంచులన్నీ పంచేశాం.

బుధవారం మిట్టమధ్యాహ్నం గొట్టాల మేస్త్రీ వచ్చాడు. నెలకు రెండుసార్లు కాస్టిక్ సోడా పట్టుకెళ్లే మనిషి. గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి, నిన్నటి సరుకు ఎక్కడ కొన్నావని అడిగాడు. గొట్టంలో పోస్తే ఉలుకూ పలుకూ లేదట. వేడెక్కలేదు, పొగ రాలేదు.

"మందేసినట్టు లేదక్కా, గొట్టానికి షర్బత్ పట్టినట్టుంది," అన్నాడు.

నేను నవ్వాను. నవ్వుతూనే లోపలికి వెళ్లి, అరముందు కూర్చుని, మూడో డబ్బా మూత తీశాను. గుండ్రటి తెల్లటి పూసలు. నిమ్మఉప్పుకు పలుకులుంటాయి, పూసలుండవు. నాలుగో డబ్బా తీశాను. అందులో పలుకులు.

మేస్త్రీకి సరైన సరుకిచ్చి పంపాను. అతను గుమ్మం దాటేదాకా నా ముఖం మామూలుగానే ఉందనుకుంటాను. అతనికి నిమ్మఉప్పు వెళ్లిందంటే, పిల్లలకు వెళ్లిందేమిటో అప్పటికే నాకు తెలిసిపోయింది.

మా ఆయనకు చెబితే ఆయన మొదట కూర్చుండిపోయారు, వెంటనే లేచి చెప్పులేసుకున్నారు. కాస్టిక్ సోడా తడి చేతికి తగిలితే చర్మాన్ని తినేస్తుందనీ, కంట్లో పడితే కన్ను పోతుందనీ ఆయన నాకు చెప్పక్కర్లేదు. ముప్ఫై ఏళ్లుగా అమ్ముతున్నాను. ఆయన భయం నీళ్లు పోయగానే వేడెక్కి చిమ్మే సీసాల గురించి. నా భయం వేరు. నిమ్మఉప్పు అని తెలిశాక నాలుక మీద వేసుకోని పిల్ల ఎక్కడైనా ఉంటుందా?

"ఇంటింటికీ వెళ్లి చెబుదాం పద," అన్నారు.

"ఏమని?"

"ఉన్నదున్నట్టు."

కూర్చోమన్నాను. "పిల్లల సంచిలో కాస్టిక్ పెట్టారని ఒక్కరి నోట పడితే చాలు, రేపటి నుంచి ఇక్కడ ఉప్పు కూడా కొనరు. మీకు సంచులు రావడం కావాలా, నిజం చెప్పడం కావాలా?"

"రెండూ ఒకటే కదా."

"కాదు. నిజం చెబితే సగంమంది ఏమవుతుందిలే అని ఊరుకుంటారు, సగంమంది తగువుకొస్తారు. ఉచితం అనండి, అందరూ పరిగెత్తుకొస్తారు. మీకు రసాయనాలు తెలుసు, నాకు మనుషులు తెలుసు."

ఫోన్లో నంబరున్న తల్లిదండ్రులందరికీ నేను చెప్పిన మాటలే ఆయన పంపారు. పాత సంచి తీసుకొస్తే దానికి బదులు పెద్ద సంచి, పైన భూతద్దం, అంతా ఉచితం. భూతద్దాలు రెండేళ్లుగా అమ్ముడుపోని పెట్టె ఒకటి ఉంది. చివర్లో ఏడో కవరు ముట్టుకోవద్దని ఒక వాక్యం చేర్చబోయారు. ముట్టుకోవద్దంటే ఎందుకని అడుగుతారు, తీసేయండి అన్నాను. తీసేశారు. సాయంత్రం దాకా చూసి, ఆ తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేస్తానన్నారు. రేపు సాయంత్రం దాకా అన్నాను. అలా ఆయనతో బేరమాడి ఒక రోజు గెలుచుకున్నాను.

నా లెక్క తప్పలేదు. అరగంటలో మొదటి సంచి వచ్చింది. చీకటి పడేలోపు పద్దెనిమిది వచ్చాయి. వచ్చిన ప్రతి సంచిలోంచీ ఏడో కవరు చింపి, చిటికెడు నీళ్లలో వేసి, ఆయన వెనక గదిలో పసుపు కాగితంతో తాకించేవారు. కాగితం పసుపుగానే ఉంటే ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఎర్రబడితే ఇంకోరకంగా ఊపిరి పీల్చుకునేవాళ్లం, ఒకటి దొరికింది కదా అని. ఆ పూట ఐదు ఎర్రబడ్డాయి. నేను బయట నవ్వుతూ భూతద్దాలు పంచుతున్నాను. వీధిలో ఎవరైనా గట్టిగా పిలిచినా, పరిగెత్తినా గుమ్మంలోకి వెళ్లి చూసేదాన్ని. రాని సంచుల్లో ఎర్రవి ఏడు. నాకు దొంగకు తేలు కుట్టినట్టుంది, నొప్పి ఉంది, అరవడానికి లేదు.

గురువారం పొద్దున ఒక తల్లి కొడుకును రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. వీడు మొదటి రోజే ఏడో కవరు చింపి నాకేశాడండీ అంది.

"పుల్లగా ఉందా?" అన్నాను.

నేను అడిగిన తీరుకు ఆమె నన్ను వింతగా చూసింది. పిల్లవాడు నాలుక బయటపెట్టి చూపించి, పళ్లు జివ్వుమన్నాయన్నాడు. వాడికి రెండు భూతద్దాలిచ్చాను. లోపలికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను.

సాయంత్రానికి నలభై ఒకటి వచ్చాయి. పదకొండు ఎర్రబడ్డాయి. పన్నెండులో పదకొండు. ఇక అనుమానానికి చోటు లేదు. బయట ఉన్న ఆ ఒక్క సంచిలో ఉన్నది కాస్టిక్. మా ఆయన పేర్ల పట్టీ చూశారు. మిగిలింది 'ఎందుకమ్మ'. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని అడుగుతుందని తోటి పిల్లలు పెట్టిన పేరు. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. భర్త లేడు, ఇద్దరే ఉంటారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంతలో వాళ్ల వీధి నుంచి వచ్చినావిడతో కబురొచ్చింది. పెద్ద సంచి మాకక్కర్లేదు, ఉన్నది చాలన్నదట. మా ఆయన అప్పుడే వెళతానన్నారు. మీరు వెళితే నోరు జారతారు, తెల్లారగానే నేను వెళ్లి తెస్తానన్నాను. ఆ రాత్రి ఇద్దరం పడుకున్నామే గాని నిద్రపోలేదు.

శుక్రవారం పొద్దున కొత్త సంచి, భూతద్దం పట్టుకుని వెళ్లాను. ఒక్కటే గది. కిటికీ పక్కన మిషను, గోడవారన కత్తిరించి పెట్టిన యూనిఫాం చొక్కాలు నడుము ఎత్తున ఉన్నాయి. బళ్లు తెరిచే ముందు దర్జీలకు ఊపిరాడదు. కానీ మిషను ఆగి ఉంది. పిల్ల నేలమీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. తల్లి స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె కుడిచేతి బొటనవేలికీ, పక్కన రెండు వేళ్లకూ తెల్లగుడ్డ పేలికలు చుట్టి ఉన్నాయి.

"మీరే వచ్చారా? చెప్పి పంపాను కదండీ, వద్దని," అంది.

మాస్టారు అందరికీ మారుస్తున్నారు, మీ అమ్మాయి ఒక్కతే ఎందుకు ఊరుకోవాలని నేనే తెచ్చానన్నాను.

"ఉచితంగా ఇచ్చేవాళ్లు వెనక నుంచి ఏదో ఒకటి అంటగడతారు. కొట్టు నడిపేవాళ్లు, మీకు నేను చెప్పాలా?" అని నవ్వింది. "నేనూ నలుగురికి కుట్టి బతికేదాన్నే అక్కగారూ. ఊరికే వచ్చేదేదీ ఇంట్లోకి రానివ్వను."

నాలాంటి మనిషే. ఊరంతటికీ పనిచేసిన వల ఆమె దగ్గర పనిచేయకపోవడానికి కారణం అదే. ఇక సాగదీయకుండా, పాతది ఇచ్చేయండి చాలు అన్నాను. పిల్ల లేచి గూట్లోంచి సంచి తెచ్చింది. ఏడో కవరు మూల కత్తిరించి ఉంది. లోపలి పూసలు చెమర్చి ఒకదానికొకటి అంటుకున్నాయి. పిల్ల చేతులు చూశాను. శుభ్రంగా ఉన్నాయి.

"అది నేను చింపలేదు," అంది పిల్ల. "నేను ఇంకా నాలుగో దాంట్లోనే ఉన్నాను. అమ్మ తీసింది."

తెల్లచొక్కా మీద సూది తుప్పు మరక పడిందట. నిమ్మఉప్పుతో తుప్పు పోతుందని ప్రతి దర్జీకీ తెలుసు. చిటికెడు తీసుకుని, తడిచేసి, వేళ్లతో రుద్దింది. మరక పోలేదు, గుడ్డ మాత్రం సబ్బులా జారింది. కాసేపటికి వేళ్లు మండాయి, వెంటనే కడుక్కుంది, అయినా తర్వాత తోలు లేచింది.

"ఈ కొత్త గుడ్డకేదో మందు పట్టిస్తున్నారండీ. మిల్లువాళ్లను అనాలి," అంది తల్లి.

ఎప్పుడు జరిగిందని అడిగాను.

"నిన్న మధ్యాహ్నం."

నిన్న. నేను బేరమాడి గెలుచుకున్న రోజు.

సంచి నా చేతిలో ఉంది. పన్నెండో కవరు దొరికింది. పిల్లకు ఏమీ కాలేదు. తల్లి మిల్లు వాళ్లను తిట్టుకుంటోంది, ఇంకో నాలుగు రోజులు తిట్టుకుని మరిచిపోతుంది. ఈ ఊళ్లో ఈ విషయం తెలిసినవాళ్లం ఇద్దరమే, ఇద్దరమూ ఒకే ఇంట్లో ఉంటాం. ఇంతకంటే సుబ్బరంగా ఏ వ్యవహారమూ ముగియదు. వస్తానని చెప్పి గుమ్మం దగ్గరికి వచ్చాను. చెప్పులు వేసుకున్నాను.

మళ్లీ విప్పాను.

"ఆ గుడ్డ తప్పేమీ లేదమ్మా," అన్నాను.

నిలబడే చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా. బుధవారం తెలిసిందని కూడా చెప్పాను. అది దాచి మిగతాది చెప్పడం ఎలాగో నాకు బాగా తెలుసు, అయినా చెప్పాను. ముందు వేళ్లు కుళాయి కింద పెట్టించి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మండగానే కడుక్కున్నారు కాబట్టి పైతోలుతో పోయింది, రెండు వారాలు సూది పట్టొద్దన్నాడు.

బయటికి వచ్చాక ఆమె మాట్లాడింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకొచ్చారు," అంది. కోపంగా కాదు, కొలత చెప్పినట్టు. కాస్త నడిచాక, "తప్పు కవరని ఒక్క మాట పంపితే ఆ నిమిషంలోనే తెచ్చిచ్చేదాన్ని. ఉచితమన్నారు, అందుకే తేలేదు," అంది. ఇంటి ముందుకొచ్చాక, గదిలోని చొక్కాల కుప్ప వైపు చూసి, "వీటినేం చేయమంటారు?" అంది.

మర్నాటి నుంచి ఆ గదికి వెళ్లాను. మిషను తొక్కడం నాకు రాదు. ఎడమచేత్తో బట్ట జరుపుకుంటూ మిషను ఆమే నడిపేది. చేతిపని నాది. బొత్తాలు, కాజాలు, అంచులు. బొత్తాం కుట్టడం ఎంతలే అనుకున్నాను. మొదటి రోజు కుట్టినవన్నీ విప్పించింది. పళ్లతో దారం కొరకొద్దని తిట్టింది. ఆమె నోరు ఊరుకోలేదు. ఎవరడిగినా జరిగింది జరిగినట్టు చెప్పింది, చెప్పొద్దని నేను అనలేదు. కొట్టుకు వచ్చేవాళ్లు తగ్గారు. కొందరు భూతద్దాలు కూడా తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టి వెళ్లారు. కొట్టులో మా ఆయన కూర్చున్నారు. నేను లేకుండా ఏది ఎక్కడుందో తెలియాలి కాబట్టి, ప్రతి డబ్బా మీదా పేరు రాసి అంటించారు. నన్ను అడగలేదు.

పదిహేనో రోజుకు ఆమె వేళ్లమీద గులాబి రంగు కొత్త తోలు వచ్చింది. పేలికలు తీసేసింది. ఆ మధ్యాహ్నం సూది తనే పట్టుకుని రెండు కాజాలు కుట్టి చూసుకుంది. ఇక నాతో పని లేదు. సాయంత్రం వెళ్లిపొమ్మంటుందనుకుంటూ చివరి చొక్కాలకు బొత్తాలు వేస్తున్నాను. పిల్ల నా పక్కన కూర్చుని బొత్తాలు అందిస్తోంది.

"అత్తా, సంచులన్నీ వచ్చేదాకా మీకు భయమేసిందా?" అంది.

"వేసింది."

"మా గురించా, కొట్టు గురించా?"

మిషను ఆగింది. వాళ్లమ్మ ఇటు తిరగలేదు, ఎడమచెయ్యి చక్రం మీదే ఉంది. పుట్టినప్పటి నుంచీ కొనేవాళ్ల ముఖం చూసి జవాబు చెప్పిన దాన్ని. ఏ జవాబుకు ఎవరు తృప్తిపడి వెళతారో నాకు తెలుసు. ఆ పిల్ల ముఖంలో అలాంటిదేమీ లేదు. దానికి కావలసింది తృప్తి కాదు, లెక్క.

"రెండింటి గురించీ," అన్నాను.

"ఏది ఎక్కువ?"

సూది బొత్తాం కంతలోంచి అటు తీసి, ఇటు తీసి, ముడి వేశాను.

"కొట్టు గురించే," అన్నాను.

పిల్ల ఇంకో బొత్తాం అందించింది. తర్వాత మిషను కదిలింది. ఒక పొడుగాటి కుట్టు పూర్తి చేసి, దారం కత్తిరించి, వాళ్లమ్మ నా వైపు చూడకుండానే అంది.

"రేపు కాస్త ముందు రండి. బొత్తాలు ఇంకా చాలా ఉన్నాయి."